రంగులరాట్నం దగ్గరి అమానతు

 

గత డిసెంబరు నెలాఖరులో ఒకరోజు జుహర్ నమాజ్ తరువాత ఒక కుటుంబం నన్ను కలవడానికి మసీదుకు వచ్చింది. వాళ్లుండేది సికింద్రాబాద్‌లో, రసూల్‌పురా వైపు. పూర్వం నల్లగొండ జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు కాబట్టి ఇంట్లో తెలుగే ఎక్కువ. తండ్రిగారు ఆటో నడుపుతారు. తల్లిగారు ఇంట్లోనే కుట్టుపని చేస్తారు. కొడుకు డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ముగ్గురి మధ్యా రెండు రోజులుగా ఒక తగాదా నడుస్తోంది. దాన్ని నా ముందు పెట్టారు.

అబ్బాయికి నాంపల్లి నుమాయిష్‌లో సీజను పని దొరికింది. కొలంబస్ అని పిలిచే పెద్ద పడవ ఊయల దగ్గర జనాన్ని ఎక్కించి దించాలి. ఆ డబ్బుతో రెండో విడత ఫీజు కట్టుకోవచ్చని వాడి ఆశ. తండ్రిగారికి ఇష్టం లేదు. "మౌలానా గారూ, ఖుర్‌ఆన్ చదివే ఇల్లు మాది. జనం కేకలు వేస్తూ ఊగే చోట, పాటల హోరులో సంపాదించిన తమాషా డబ్బు మా ఇంట్లోకి రావాలా?" అన్నారాయన. "మరి ఫీజు ఎక్కడినుంచి వస్తుందో కూడా మీరే అడగండి మౌలానా గారూ" అన్నారు తల్లిగారు, గోడవైపు చూస్తూ. అబ్బాయి తల వంచుకొని కూర్చున్నాడు.

హలాలా, హరామా అన్న ఒక్క మాట కోసం వాళ్లు ఎదురుచూస్తున్నారు. నేను మాత్రం అబ్బాయిని అడిగాను. "బాబూ, అక్కడ నీ చేతితో నువ్వు చేసే పని ఏమిటి?"

"వరుసలో నిలబడినవాళ్లను కూర్చోబెట్టాలి. ఒడి మీదికి ఇనుప కడ్డీ దించాలి. పిన్ను పడిందో లేదో చూడాలి. తరువాత ఆపరేటర్‌కు చెయ్యి ఊపాలి" అన్నాడు.

"అంటే నువ్వు చెయ్యి ఊపితేనే పడవ కదులుతుందన్నమాట."

"అవునండీ."

"అయితే నాన్నగారు అడిగినదానికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది" అన్నాను. ఆ రోజు వారితో చెప్పినదీ, తీరిక లేక చెప్పలేకపోయినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ప్రతి ఏటా నుమాయిష్ రోజుల్లోనూ, వేసవి సెలవుల్లో నెక్లెస్ రోడ్డు మీది జలవిహార్‌లోనూ, రావిర్యాలలోని వండర్‌లాలోనూ, ఊళ్లలో జరిగే ఎగ్జిబిషన్లలోనూ మన పిల్లలు ఇలాంటి పనులకు వెళ్తూనే ఉన్నారు.

ముందుగా తండ్రిగారి సందేహం చూద్దాం. వినోదమంతా నిషిద్ధమనుకోవడం సరికాదు. పండుగ రోజున అబిసీనియా వాళ్లు మసీదు ఆవరణలో బల్లేలూ డాళ్లతో విన్యాసాలు చేస్తుంటే దైవప్రవక్త (సఅసం) హజ్రత్ ఆయిషా (రజి)కు వాటిని చూసే అవకాశమిచ్చారు. ఆమె తనివితీరా చూసేంతవరకు ఆయన అడ్డుగా నిలబడే ఉన్నారు. హజ్రత్ హన్‌జలా (రజి) ఒకసారి ఏడుస్తూ వచ్చి, మీ సన్నిధిలో ఉన్నప్పటి భక్తి భార్యాబిడ్డల మధ్యకు వెళ్లగానే తగ్గిపోతోంది, నేను కపటినైపోయానేమో అని మొరపెట్టుకున్నారు. దానికొక వేళ, దీనికొక వేళ ఉంటాయని ప్రవక్త (సఅసం) ఆయన మనసును తేలికపరిచారు. ఒక తండ్రి వారమంతా కష్టపడి, ఒక సాయంత్రం పిల్లలను ఊయల ఎక్కించి నవ్వించుకుంటే అది పాపం కాదు. ఆ ఊయలను నడిపేవాడు తీసుకునేది తన శ్రమకు వేతనం. ఫిఖ్‌హ్‌లో దీనిని ఇజారా అంటారు. పని ఏమిటో, కాలం ఎంతో, కూలీ ఎంతో ముందే తెలిసి, ఆ పని స్వతహాగా నిషిద్ధం కానప్పుడు ఆ కూలీ ధర్మసమ్మతమే.

పైగా నుమాయిష్ పుట్టుక తమాషా కోసం కాదు. 1938లో ఉస్మానియా పట్టభద్రుల చొరవతో, మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, బాగె ఆమ్‌లో ఇది మొదలైంది. దేశీయ వస్తువులను జనానికి పరిచయం చేయడమే దాని ఉద్దేశం. నుమాయిష్ మస్నూఆతె ముల్కీ అన్న పాత పేరులోనే ఆ సంగతి ఉంది. 1946లో ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మారింది. దాన్ని నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ ఎన్నో విద్యాసంస్థలను నడుపుతోంది. కశ్మీరీ శాలువాల వాడూ, లక్నో చికన్ వాడూ అక్కడికి వచ్చేది రిజ్ఖ్ కోసమే. ఊయల నడిపేవాడు వచ్చేదీ అందుకే.

అయితే ఆ మైదానంలో ప్రతి పనీ ఒకటే కాదు. డబ్బు కట్టి రింగులు విసరడం, వస్తువు మీద పడితే అది మనది, పడకపోతే డబ్బు పోయినట్టే అనే ఆటలు ఇలాంటి చోట్ల కనిపిస్తాయి. అందులో జూదం వాసన స్పష్టంగా ఉంది. మద్యాన్నీ జూదాన్నీ ఖుర్‌ఆన్ ఒకే వరుసలో నిషేధించింది. ఆ స్టాలు దగ్గర పనికి కుదరవద్దు. బహుమతి పందెమేమీ లేకుండా, సరదాకు బెలూన్లు కాల్చే ఆటకు రుసుము తీసుకోవడం వేరు. చిలక జోస్యం దగ్గర బల్ల వేసి డబ్బు వసూలు చేసే పని గురించి చెప్పనక్కరలేదు. మౌత్ కా కువాలో మోటారు సైకిలు తిప్పే పని విషయంలో నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. జనం చప్పట్ల కోసం ప్రాణాన్ని గోడ మీద తిప్పడం, చేజేతులా వినాశంలో పడవద్దన్న దైవాజ్ఞకు ఎదురు వెళ్లడమే. పాటల హోరు మన పిల్లవాడు పెట్టింది కాదు. అతని కూలీ దానికి కాదు కూడా. మనసు అటు మళ్లకుండా చూసుకోవాలి. అంతకు మించి ఆ కూలీని నేను హరామ్ అనలేను.

వాటర్ పార్కుల విషయంలో ఇంకొంచెం ఆలోచించాలి. స్త్రీ పురుషులు తడిబట్టలతో కలిసి తిరిగే కొలను పక్కన రోజంతా నిలబడే పని కంటే గేటు, క్యాంటీను, పార్కింగు వంటి పని దొరికితే అదే మేలు. ఊయల దగ్గర కూడా స్త్రీలు ఎక్కినప్పుడు కడ్డీని వాళ్లనే దించుకోమనాలి. పిన్ను పడిందో లేదో బయటి నుంచి చూడాలి. చూపు పిన్ను మీద ఉండాలి.

ఇక అసలు విషయానికి వస్తాను.

హజ్రత్ మూసా (అలై) ఈజిప్టు నుంచి ఒంటరిగా మద్‌యన్ చేరారు. తలదాచుకునే చోటు లేదు, చేతిలో పని లేదు. బావి దగ్గర ఇద్దరు యువతుల గొర్రెలకు నీళ్లు తోడి పెట్టి, నీడకు వెళ్లి కూర్చొని, నువ్వు ఏ మేలు పంపినా నేను దానికోసం అర్రులు చాస్తున్నవాడినే అన్న భావంతో ప్రభువును వేడుకున్నారు. ఆ యువతులలో ఒకామె ఆయనను పనికి పెట్టుకోమని తండ్రికి సిఫారసు చేసింది. సూరా అల్ ఖసస్‌లో ఈ ఘట్టం ఉంది. ఆమె రెండే రెండు గుణాలు చెప్పింది. బలవంతుడు, నమ్మకస్తుడు. ఖవీ, అమీన్. బావి మీది బరువైన బండను ఎత్తడంలో ఆయన బలం తెలిసిందనీ, ఇంటికి వచ్చేటప్పుడు ఆమెను వెనుక నడవమని తాను ముందు నడవడంలో ఆయన నమ్మకం తెలిసిందనీ వ్యాఖ్యాతలు రాశారు.

కుదుర్చుకున్న ఒప్పందం కూడా గమనించండి. ఎనిమిదేళ్ల పని, పదేళ్లు పూర్తి చేస్తే అది మూసా (అలై) మంచితనం. ఇక్కడ ఏళ్లు అనడానికి ఖుర్‌ఆన్ వాడిన అరబీ పదం హజ్ నుంచి వచ్చింది. అంటే ఎనిమిది హజ్ సీజన్లు. సీజను లెక్కన పనికి కుదరడం ప్రవక్తలకు కూడా కొత్త కాదని మా ఉస్తాద్ నవ్వుతూ అనేవారు. ఆ రెండు గడువుల్లో మూసా (అలై) ఏది పూర్తి చేశారని అడిగితే, పెద్దదే పూర్తి చేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) జవాబిచ్చారు. మన ప్రవక్త (సఅసం) కూడా చిన్నతనంలో కొద్దిపాటి కూలీకి మక్కావాసుల గొర్రెలు కాశారు. కూలి పనిలో నామోషీ ఎక్కడుంది?

నమ్మకస్తుడు అనగానే మనకు డబ్బు గుర్తుకొస్తుంది. దొంగతనం చేయనివాడే అమీన్ అనుకుంటాం. కాని ఆ ఊయల దగ్గర నిలబడిన పిల్లవాడి చేతిలో ఉన్నది గల్లాపెట్టె కాదు. పరాయి తల్లి ఒడిలోంచి వచ్చిన బిడ్డ. ఆ తల్లికి ఆ కడ్డీ ఎలా పనిచేస్తుందో తెలియదు, పిన్ను ఎక్కడుందో తెలియదు. యూనిఫారం వేసుకున్న పిల్లవాడు చెయ్యి ఊపాడు, అంతే. ఆ ఒక్క నమ్మకంతో ఆమె కిందే నిలబడిపోయింది. ఇంతకంటే బరువైన అమానతు ఏముంటుంది?

ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. సిగ్గుతో చెప్పుకుంటున్న నా సొంత సంగతి ఇది.

2007 వేసవి. నాకప్పుడు 17 ఏళ్లు. హిఫ్జ్ పూర్తయింది, ఆలిమ్ కోర్సులో ఇంకా చేరలేదు. ఇంట్లో ఇబ్బందిగా ఉండి, ఒక ఎగ్జిబిషన్‌లో పనికి కుదిరాను. అది ఎక్కడ, ఎవరిది అన్న వివరాలు ఇక్కడ అనవసరం. చిన్న రంగులరాట్నం. తొట్టెల్లాంటి పెట్టెలు, ఒక్కో పెట్టెకు ఒక చిన్న తలుపు, తలుపుకు ఒక కొక్కెం. జనాన్ని ఎక్కించి కొక్కెం పెట్టడం నా పని. హాఫిజ్‌నన్న గర్వం కొంచెం ఉండేది. ఎంత రద్దీ ఉన్నా మగ్రిబ్ జమాఅత్ తప్పించలేదని ఇంట్లో చెప్పుకునేవాణ్ని.

ఒక సాయంత్రం అజాన్ అయింది. ఇంకా రెండు పెట్టెలు నిండాలి. ఒక అవ్వనూ, ఆరేళ్ల మనవరాలినీ గబగబా ఎక్కించి, తలుపు తోసి, ఆపరేటర్‌కు చెయ్యి ఊపి, చెప్పులు వేసుకుంటున్నాను. వెనుక నుంచి కేక వినిపించింది. తిరిగి చూస్తే పెట్టె సగం ఎత్తుకు వెళ్లింది. తలుపు బయటికి ఊగుతోంది. కొక్కెం నేను పెట్టలేదు. అవ్వ ఒక చేత్తో కమ్మీని, ఇంకో చేత్తో పిల్ల గౌనును పట్టుకొని ఉంది. ఆపరేటర్ కేక విని మోటారు ఆపాడు. తరువాత మెల్లగా వెనక్కి తిప్పి దించాడు. అల్లాహ్ దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అవ్వ నన్ను తిట్టలేదు. అంతసేపూ బిగించి పట్టుకున్న పిడికిలి విప్పలేక, గౌను ముడతలను అలాగే చూస్తూ కూర్చుంది.

ఆ రోజు మగ్రిబ్ నమాజ్‌లో నాకు చిన్న సూరా కూడా సరిగా నోటికి రాలేదు.

మరునాడు ఉస్తాద్ దగ్గరకు వెళ్లి చెప్పాను. నమాజ్ కోసం తొందరపడ్డాను కదా, ఆయన కొంచెం మెత్తగా మాట్లాడతారనుకున్నాను. ఆయన ఫిఖ్‌హ్ పుస్తకం తీసి ఒక మస్అలా చదివించారు. నమాజ్‌లో ఉన్నవాడు, ఒక అంధుడు బావి వైపు నడుస్తూ పడిపోబోతున్నాడని చూస్తే, లేదా ఎవరో నీళ్లలో మునిగిపోతున్నారని తెలిస్తే, నమాజ్ తెంచుకొని వెళ్లి కాపాడటం అతనిపై తప్పనిసరి. చదవడం అయ్యాక ఉస్తాద్ అన్నారు. "అల్లాహ్ ముందు చేతులు కట్టుకొని నిలబడినవాణ్నే నమాజ్ తెంచుకొమ్మంటోంది షరీఅత్. నువ్వు ఇంకా నమాజ్‌లోకి కూడా రాలేదు కదరా. ఆ కొక్కెం పెట్టి రావడానికి ఎంతసేపు పట్టేది? నమాజ్ వైపు పరుగెత్తానని అనుకుంటున్నావు. నువ్వు అమానతు వదిలేసి పరుగెత్తావు."

సోదరులారా! దీన్ని పట్టుకొని ఎవరైనా, పని ఉంటే నమాజ్ మానుకోవచ్చని అర్థం తీస్తే అది ఘోరమైన పొరపాటు. యుద్ధభూమిలో శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు కూడా నమాజ్ మాఫీ కాలేదు. సూరా నిసాలో అల్లాహ్ ఆ సమయంలో చదివే పద్ధతి నేర్పాడు. ఒక బృందం నమాజ్‌లో నిలబడాలి, రెండో బృందం ఆయుధాలతో కాపలా ఉండాలి. తరువాత వాళ్లు ఇటు, వీళ్లు అటు. నమాజూ పోలేదు, కాపలా కూడా ఒక్క క్షణం ఖాళీ కాలేదు. ఊయల దగ్గర పనిచేసేవారికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

నుమాయిష్ విషయం తీసుకోండి. అది సాయంత్రం 4 గంటలకు తెరుచుకుంటుంది, రాత్రి పదిన్నర, సెలవు రోజుల్లో ఇంకొంచెం సేపు నడుస్తుంది. హనఫీ లెక్కలో అస్ర్ వేళ గేట్లు తెరిచే సమయానికి అటూ ఇటూగా వస్తుంది. వేళ అయితే చదువుకొనే పనిలోకి దిగాలి. మగ్రిబ్ జనవరి మొదట్లో 6 కాకముందే వస్తుంది, ఫిబ్రవరి మధ్యకు ఆరుంబావు దాటుతుంది. సరిగ్గా రద్దీ పెరిగే వేళ. అజాన్ వినగానే అందరూ ఒకేసారి వదిలి వెళ్లడం కుదరదు. ఇషా లోపు గంటకు పైగా వ్యవధి ఉంటుంది. ఒక రౌండు పూర్తయి, ఎక్కినవాళ్లంతా దిగాక, ఇంకొకరికి చోటు అప్పగించి, మూడు ఫర్జ్‌లు, రెండు సున్నత్‌లు చదువుకొని రావడానికి పది నిమిషాలు చాలు. ఆ వేళ జమాఅత్ తప్పితే, ప్రాణాల కాపలాలో ఉన్నవాడికి అది ఉజ్ర్‌గా మన ఫుఖహా అంగీకరించారు. ఇషాకు వ్యవధి ఎక్కువ, చింత లేదు. నఫిల్ నమాజ్‌లు మాత్రం పనివేళలో వద్దు. ఆ కాలం యజమాని కొనుక్కున్నది. ఫర్జ్, సున్నతె ముఅక్కదా చదువుకున్నందుకు కూలీ కోయడం యజమానికి కూడా తగదు. పగటిపూట నడిచే పార్కుల్లో జుమా చిక్కు ఉంది. శుక్రవారం ఆ రెండు గంటల సంగతి చేరేముందే తేల్చుకోవాలి, చేరాక గొడవపడటం కాదు.

పక్కనున్న హిందూ సోదరుడు, నువ్వెళ్లి చదువుకొని రా, నేను చూస్తాను అంటాడు. ఇది నా అనుభవం. సంక్రాంతి కూడా ఈ సీజను మధ్యలోనే వస్తుంది. ఆ రోజు అతని వంతు కూడా నువ్వే నిలబడి, అతన్ని ఇంటికి పంపించు.

అపాయం ఊహ కాదు. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు లేచి ఎన్నో స్టాళ్లు బూడిదయ్యాయి. ప్రాణనష్టం జరగకపోవడం అల్లాహ్ కారుణ్యమే. 2025 జనవరిలో ఒక రైడ్ తలకిందులుగా ఉన్న స్థితిలో ఆగిపోయి, ఎక్కినవాళ్లు చాలాసేపు అలాగే వేలాడవలసి వచ్చింది. కాబట్టి చేరిన మొదటి రోజే బయటికి దారి ఎటు, నీళ్ల బకెట్లూ మంటలార్పే సిలిండరూ ఎక్కడ, కరెంటు పోతే చేత్తో దించే పద్ధతి ఏమిటి అని అడిగి తెలుసుకోండి. ఎత్తు సరిపోని పిల్లవాణ్ని ఎక్కించమని తండ్రి అరిచినా ఎక్కించవద్దు. పిన్ను అరిగిపోయిందని కనిపిస్తే యజమానికి చెప్పండి. ఈ రాత్రికి నడిపించు, రేపు చూద్దాం అని ఆయనంటే, ఆ మాట వినవలసిన పని లేదు. సృష్టికర్తకు అవిధేయత అయ్యే విషయంలో సృష్టికి విధేయత లేదు. పని పోతుందేమో. పోనివ్వండి. ఒక్క ప్రాణాన్ని కాపాడటం మానవాళినంతటినీ కాపాడటంతో సమానమని ఖుర్‌ఆన్ చెప్పినప్పుడు, ఆ ఒక్క ప్రాణం ఐస్‌క్రీము చేత్తో పట్టుకొని వరుసలో నిలబడి ఉంటుంది.

చిన్న ద్రోహాలు కూడా ఉన్నాయి. టికెట్ చింపకుండా జేబులో వేసుకొని మళ్లీ కౌంటరుకు చేర్చి అమ్మించడం. స్నేహితులను ఊరికే ఎక్కించడం. వరుస దాటించినందుకు ఇరవయ్యో యాభయ్యో పుచ్చుకోవడం. చివరిదాన్ని అబ్బాయిలు టిప్పు అంటారు. జకాత్ వసూలుకు వెళ్లిన ఒకాయన తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అన్నప్పుడు, దైవప్రవక్త (సఅసం) మింబర్ ఎక్కి మందలించారు. ఇతడు తల్లిదండ్రుల ఇంట్లో కూర్చొని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రశ్నించారు. ఆ యాభై రూపాయలు ఎవరి వంతు అమ్మితే వచ్చాయి? ఎండలో బిడ్డను చంకనేసుకొని వరుసలో నిలబడిన ఇంకొకరి వంతు. రోజంతా పనిచేసి వచ్చిన హలాల్ కూలీలో ఆ నోటు కలిపితే, తండ్రిగారి భయం నిజమవుతుంది. తమాషా వల్ల కాదు, ఆ నోటు వల్ల.

ఇప్పుడు యజమానులతో రెండు మాటలు. ఈ పత్రిక చదివేవారిలో స్టాళ్లు పెట్టేవారూ, మనుషులను పెట్టుకొనేవారూ ఉన్నారు.

సీజను కూలీకి ఉన్నంత నిస్సహాయత నెలజీతగాడికి లేదు. చివరి రాత్రి దీపాలు ఆరగానే లారీలు వస్తాయి. తెల్లారేసరికి రైడ్ ఇంకో ఊరి దారిలో ఉంటుంది. పదిరోజుల కూలీ ఆపి ఉంచినవాణ్ని ఆ పిల్లవాడు ఎక్కడ వెతకాలి? చెమట ఆరకముందే కూలీ ఇవ్వమన్న ప్రవక్త (సఅసం) ఆదేశం అందరికీ కంఠతా వచ్చు. ఇంకొకటి తక్కువగా వినిపిస్తుంది. కూలివాడితో పూర్తి పని చేయించుకొని కూలీ ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలబడతానని అల్లాహ్ హెచ్చరించాడు. ఆ పిల్లవాడికి వకీలు లేడనుకుంటున్నారా?

గుహలో చిక్కుకున్న ముగ్గురి హదీసు గుర్తుచేసుకోండి. మూడోవాడి పుణ్యం ఏమిటి? కూలీ తీసుకోకుండా వెళ్లిపోయిన పనివాడి వాటాను అతను పెట్టుబడిగా పెట్టాడు. అది మందలుగా పెరిగింది. ఏళ్ల తరువాత పనివాడు వచ్చి తన కూలీ అడిగితే, కనిపిస్తున్నదంతా నీదే తోలుకుపొమ్మన్నాడు. నాతో పరిహాసమాడకు అన్నాడు పనివాడు. ఆ పుణ్యాన్ని అడ్డుపెట్టి వేడుకుంటే గుహకు అడ్డుపడిన రాయి తొలగింది. రాత్రంతా తల్లిదండ్రుల కోసం పాలగిన్నెతో నిలబడిన సేవ, పాపం అంచుదాకా వెళ్లి దైవభీతితో వెనుదిరిగిన నిగ్రహం, వీటి సరసన ఒక కూలీ లెక్క కూర్చుంది.

కూలీ ఎంతో ముందే చెప్పండి. చూద్దాంలే, సీజను బాగా నడిస్తే ఇస్తాను అనే ఒప్పందం చెల్లదు. వారానికొకసారి ఇచ్చేయండి. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను పెట్టుకోవద్దు, చట్టం కూడా ఒప్పుకోదు. 2021లో కరోనా వల్ల నుమాయిష్ జరగనే లేదు. 2022లో జనవరి 1న మొదలై మరుసటి రోజే ఆగిపోయింది, మళ్లీ ఫిబ్రవరి 25న గాని తెరుచుకోలేదు. అలాంటప్పుడు పనిచేసిన రోజుల కూలీ వెంటనే ఇవ్వాలి. అడ్వాన్సు తీసుకున్న పిల్లవాడు మిగిలిన డబ్బు తిరిగి ఇవ్వవలసిందే. అయితే ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తుడికి గడువివ్వమని ఖుర్‌ఆన్ ఆదేశం, వదిలేస్తే మరీ మేలని బోధ.

ఆ కుటుంబం సంగతి చెప్పి ముగిస్తాను. తండ్రిగారు ఒప్పుకున్నారు, అరమనసుతోనే. అబ్బాయి జనవరిలో పనిలో చేరాడు. రోజూ రసూల్‌పురాలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, గాంధీభవన్ స్టేషన్‌లో దిగేవాడు. కూలీ వారం వారం ఇమ్మని చేరేముందే అడిగాడట. యజమాని కొంచెం గొణిగి ఒప్పుకున్నాడట.

ఫిబ్రవరి రెండో వారంలో తండ్రిగారు మసీదులో కనిపించారు. భార్యను తీసుకొని ఒకరోజు నుమాయిష్‌కు వెళ్లారట, కొడుకు పనిచేసే చోటు చూద్దామని. మొహం చూస్తే ఫిర్యాదు ఉన్నట్టే ఉంది.

"మమ్మల్నీ వరుసలోనే నిలబెట్టాడు మౌలానా గారూ. కౌంటరులో టికెట్లు కొనుక్కురమ్మన్నాడు. మా చేతుల్లోంచి తీసుకొని మా ముందే చింపాడు. వాళ్లమ్మ కడ్డీ దించుకుంటే వంగి పిన్ను చూశాడు. నా కడ్డీ రెండుసార్లు గట్టిగా లాగాడు. సొంత తండ్రినని కూడా చూడలేదు, ఒక్కసారి నవ్వలేదు."

"తరువాత?"

"తరువాతేముంది? చెయ్యి ఊపాడు" అన్నారాయన.